మండె కట్టి చూడాలి

రోహిణి కార్తె వెళ్లి మృగశిర వస్తుందనగా మా నాన్న విత్తనాల బస్తాలోంచి గుప్పెడు వడ్లు తీసి, అరుగు మీద కూర్చుని వంద గింజలు లెక్కపెట్టేవారు. మంచివి ఏరేవారు కాదు, చేతికి వచ్చినవి వచ్చినట్టే. ఆ వందా ఒక రాత్రంతా నీళ్లలో నాని, మర్నాడు తడి గోనెగుడ్డలో మూటై, వంటింటి మూల వరిగడ్డి కింద కూర్చునేవి. నారుమడి పోసే ముందు వడ్లు నానబెట్టి మొలకెత్తించడాన్ని మా వైపు మండె కట్టడం అంటారు. నాన్న అసలు మండెకు పదిహేను రోజుల ముందే ఈ చిన్న మండె కట్టేవారు. నాలుగో రోజు మూట విప్పి, మొలక వచ్చిన గింజలు ఒక పక్కకి, రానివి ఒక పక్కకి జరుపుతూ పోయేవారు. ధ్రువీకరించిన వరి విత్తనంలో కనీసం 80 శాతం మొలకెత్తాలన్నది ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. నాన్నకి ఆ కాగితం సంగతి తెలుసో లేదో నాకు తెలియదు గానీ, ఆయన లెక్క కూడా అక్కడే ఆగేది. ఎనభైకి తగ్గితే ఆ సాయంత్రమే సైకిలెక్కి వేరే విత్తనం కోసం పక్క ఊరికి వెళ్లేవారు.

"గింజ పైకి బంగారంలా ఉంటుందిరా. నీళ్లు తగిలితేగాని లోపల ప్రాణం ఉందో లేదో చెప్పదు," అనేవారు. కాలవకి నీళ్లు వదిలాక, మడి దున్నాక, బస్తాలకి బస్తాలు నానేశాక మొలక రాకపోతే ఆ ఏడాదికి ఇంక చేయగలిగింది లేదు. పదిహేను రోజుల ముందు తెలిస్తే పక్క ఊరికి వెళ్లవచ్చు. ఆ పదిహేను రోజులే ఆయనకి కావలసింది.

నేను వ్యవసాయంలోకి వెళ్లలేదు. ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్లు చూసుకునే పనిలో ఉన్నాను. ఈ పనిలో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న "బ్యాకప్ తీశావా?" అన్నది. మేనేజర్లు అడుగుతారు, ఆడిటర్లు అడుగుతారు, ఇంట్లో ఫోటోలు పోతాయని భయపడే బంధువులు అడుగుతారు. "తీసింది మళ్లీ పెట్టి చూశావా?" అని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. తీయడం అనే మాట మన నోటికి అంత అలవాటు. తిరిగి పెట్టడానికి మా ఆఫీసుల్లో ఒక తెలుగు మాటైనా స్థిరపడలేదు, ఇంగ్లీషులోనే రీస్టోర్ అంటాం, అదీ కొంప మునిగిన రోజున.

ఆ రోజు నాకు 2004 సెప్టెంబరులో వచ్చింది. అప్పుడు నేను ఒక చిన్న సహకార బ్యాంకులో ఉన్నాను. మా సర్వరు పక్కనే డాట్ టేప్ డ్రైవు ఉండేది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన క్యాసెట్, అందులో నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న టేపు. సోమ, మంగళ, బుధ అని లేబుళ్లు అంటించిన ఆరు క్యాసెట్లు నా బల్ల సొరుగులో వరసగా ఉండేవి. సాయంత్రం లెక్కలు కట్టేశాక ఆ రోజు క్యాసెట్ పెట్టేవాణ్ణి. రాయడం అయ్యాక సాఫ్ట్‌వేరే టేపుని ఒకసారి చదివి సరిచూసుకునేది. పచ్చదీపం వెలిగేది. రిజిస్టరులో సంతకం పెట్టి ఇంటికి వెళ్లేవాణ్ణి. రెండేళ్లలో ఒక్క రోజు కూడా ఆ సంతకం తప్పలేదు.

ఒక రాత్రి పిడుగు పడింది. సర్వరు, టేప్ డ్రైవు రెండూ కాలిపోయాయి. క్యాసెట్లకి మాత్రం ఏమీ కాలేదు. "బ్యాకప్ ఉందన్నావు కదయ్యా?" అన్నారు మేనేజరుగారు. "ఉందండీ," అన్నాను, నమ్మకంగానే. మూడో రోజుకి హైదరాబాదు నుంచి కొత్త డ్రైవు వచ్చింది. శనివారం క్యాసెట్ పెట్టాను. చదవలేదు. శుక్రవారం. చదవలేదు. ఆరూ అయిపోయాక మళ్లీ మొదటి నుంచి పెట్టాను, ఈసారి ఒక్కొక్కదాన్నీ చొక్కాకి తుడిచి.

డ్రైవు తెచ్చిన టెక్నీషియను వివరించాడు. డాట్‌లో టేపు నేరుగా సాగుతూ పోదు. గిర్రున తిరిగే చిన్న డ్రమ్ము చుట్టూ చుట్టుకుని పోతుంది, డ్రమ్ములోని హెడ్లు టేపు మీద ఏటవాలుగా సన్నసన్న గీతలు గీస్తాయి. సమాచారం ఆ గీతల్లో ఉంటుంది. వాడగా వాడగా మా పాత డ్రైవులో టేపుని నడిపించే భాగాలు పక్కకి జరిగాయి. గీతల ఏటవాలు మారిపోయింది. తను వంకరగా రాసిన గీతని తనే అంతే వంకరగా చదువుకునేది గనక దానికి ఏ తేడా కనబడలేదు. ప్రతి రాత్రీ పచ్చదీపం వెలిగింది, అదీ నిజమే. లోకంలో ఆ ఒక్క డ్రైవు మాత్రమే చదవగలిగిన అక్షరాలవి. ఆ డ్రైవు కాలిపోయింది.

సరిచూడటం అంటే ఏమిటో నాకు ఆ గదిలో అర్థమైంది. రాసిన చెయ్యే చదివి "సరిగ్గానే ఉంది" అంటే అది సాక్ష్యం కాదు. రెండేళ్లలో ఒక్కసారి, ఒక్క క్యాసెట్‌ని, మరో బ్రాంచీలో ఉన్న మరో డ్రైవులో పెట్టి చూసి ఉంటే సరిపోయేది. బస్సులో గంటన్నర ప్రయాణం.

మార్చి 31 నాటి నిల్వలు కాగితం మీద ప్రింటు తీసి ఉన్నాయి, ఆడిటు కోసం. అక్కడి నుంచి సెప్టెంబరు దాకా వోచర్ల కట్టలు ఉన్నాయి. నలభై రోజులు, రోజూ రాత్రి పది దాకా, నలుగురం కూర్చుని ఒక్కొక్క వోచరు మళ్లీ ఎక్కించాం. ఈ లోగా వార్త ఊళ్లలోకి పాకింది. మనుషులు పాస్‌బుక్కులు పట్టుకుని వచ్చారు. ప్లాస్టిక్ కవర్లలో, రేషన్ కార్డుతో కలిపి తాడు కట్టి, కొందరు పాత చీర ముక్కలో మడిచి తెచ్చారు. అంతవరకూ ఆ పుస్తకాలు నాకు ప్రింటరుని ఇరుక్కుపోయేలా చేసే వస్తువులు మాత్రమే. ఆ నెల అవే మా బ్యాంకు.

ఒక ముసలావిడ వచ్చింది. "నా డబ్బులు పోయినయ్యా నాయనా?" అని అడిగింది, కోపంగా కాదు, డాక్టర్ని అడిగినట్టు. ఆమె పాస్‌బుక్కులో ఆఖరి జమ పడలేదు. గేదెని అమ్మి కట్టానంది, నెల చెప్పగలిగింది, తారీఖు చెప్పలేకపోయింది. ఆగస్టు కట్టలన్నీ విప్పితే రెండో రోజు సాయంత్రం దొరికింది ఆ వోచరు, ఆమె వేలిముద్రతో. 3,400 రూపాయలు. దొరక్కపోయి ఉంటే ఏం చేసేవాళ్లమో నేను ఇప్పటికీ ఆలోచించలేను. బ్యాకప్‌ని కంప్యూటరు పనుల్లో ఒకటిగా అనుకోవడం నేను అప్పుడు మానేశాను. తన లెక్క మన దగ్గర క్షేమంగా ఉందని ఒక మనిషి నిద్రపోతున్నప్పుడు, ఆ నిద్రకి మనం పూచీ ఉంటున్నాం.

చిన్న బ్యాంకు, పాత డ్రైవు, అనుభవం లేని కుర్రాడు గనక ఇలా జరిగిందని చాలా కాలం అనుకున్నాను. 2017లో గిట్‌ల్యాబ్ సంగతి చదివాక ఆ మాట మార్చుకున్నాను. ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు తమ కోడు దాచుకునే సంస్థ అది. జనవరి 31 రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజనీరు రెండు డేటాబేస్ సర్వర్లలో నకలు ఉండే సర్వరుని శుభ్రం చేయబోయి, పొరపాటున అసలు సర్వరులో తొలగించే ఆదేశం ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలో తేరుకుని ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది.

పొరపాటు ఎవరైనా చేస్తారు, అది కాదు నన్ను ఆపేసింది. ఆ తర్వాత వాళ్లు బ్యాకప్‌ల కోసం వెతికిన తీరు. రోజూ డేటాబేస్‌ని మూటగట్టి అమెజాన్ ఎస్3 అనే ఆన్‌లైన్ నిల్వలో పెట్టే ఏర్పాటు ఉంది. వెళ్లి చూస్తే అక్కడ ఖాళీ. వాళ్ల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, మూటగట్టే ప్రోగ్రాము మాత్రం 9.2 వెర్షనుది నడుస్తోంది, వెర్షన్లు కలవక ప్రతిసారీ మొదట్లోనే ఆగిపోతోంది. ఆగిపోయినట్టు ఈమెయిలు పంపే ఏర్పాటు కూడా ఉంది. ఆ ఈమెయిళ్లు, పంపినవారు నిజంగా వారేనా అని తేల్చే డీమార్క్ పరీక్షలో నిలవక, తిరస్కారానికి గురవుతున్నాయి. అంటే కాపలాదారు రోజూ అరుస్తూనే ఉన్నాడు, ఆ అరుపు గోడ దాటి రావడం లేదు. ఇంట్లోవాళ్లు నిశ్శబ్దాన్ని క్షేమం అనుకున్నారు. వాళ్లే రాసుకున్నారు: ఐదు రకాల బ్యాకప్, నకలు పద్ధతులు పెట్టుకుంటే అవసరానికి ఒక్కటీ సవ్యంగా పనిచేయలేదని.

చివరికి వాళ్లని ఆదుకున్నది, పరీక్షల కోసం ఆ ఇంజనీరే ఆరు గంటల ముందు తన చేత్తో తీసి ఉంచిన ఒక నకలు. అది నెమ్మదిగా నడిచే డిస్కుల మీద ఉండటంతో తిరిగి తేవడానికి దాదాపు పద్దెనిమిది గంటలు పట్టింది. సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయాయి. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది, ఎందుకంటే ఆ సమయంలో తమ అవస్థని యూట్యూబులో లోకమంతా చూస్తుండగా పనిచేశారు, తర్వాత ఏ దాపరికం లేకుండా మొత్తం రాసి బయట పెట్టారు. మా క్యాసెట్ల సంగతి నేను పదేళ్లు ఎవరికీ చెప్పలేదు.

1998లో పిక్సార్ యానిమేషన్ స్టూడియోలో టాయ్ స్టోరీ 2 సినిమా ఫైళ్లు ఇలాగే చెరిగిపోయినప్పుడూ బ్యాకప్ చేతికి రాలేదు. పసిబిడ్డ తల్లిగా ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సుస్‌మన్ అనే టెక్నికల్ డైరెక్టరు ఇంటి కంప్యూటర్లో ఒక నకలు ఉండబట్టి, ఆ కంప్యూటరుని దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా తెచ్చుకున్నారు. గిట్‌ల్యాబ్‌లోనూ ఇక్కడా కాపాడింది ఎవరూ దాని కోసం పెట్టని నకలే. అదృష్టం అందరి ఇంటా ఉండదు. మా ముసలావిడ వోచరు కూడా అదృష్టమే, ఆ కట్టకి చెద పట్టి ఉండవచ్చు.

మరో వైపున్న ఉదాహరణ కూడా చెప్పాలి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది, వాటిలోని సమాచారానికి తాళం పడింది. ఓపీ చీట్లు, పరీక్షల రిపోర్టులు చేత్తో రాశారు. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు నుంచి ఈ-హాస్పిటల్ అనే వాళ్ల సాఫ్ట్‌వేరులోని సమాచారాన్ని తెచ్చి కొత్త సర్వర్లలో పెట్టగలిగారు. రోగుల వివరాలు దక్కాయి. అయినా చాలా పనులు మళ్లీ గాడిన పడటానికి రెండు వారాలు పట్టింది. ఇది వాళ్ల తప్పుగా చెప్పడం లేదు. దేశం నలుమూలల నుంచి వచ్చి ఆ వరండాల్లో పడుకునే మనుషులకి రెండు వారాలు ఎంత పొడవో తలచుకుంటున్నాను. "తిరిగి వస్తుందా?" అనే ప్రశ్న వెనకే "ఎన్నాళ్లకి?" అనేది ఉంది. దానికి జవాబు అంచనా వేసి చెప్పేది కాదు, గడియారం పెట్టుకుని ఒకసారి చేసి చూడాల్సిందే.

మూడో ప్రశ్న కూడా ఉంది: తిరిగి వచ్చింది చదవగలమా? దాన్ని నాకు నేర్పింది ఒక కవిమిత్రుడు. 1998లో వేసిన తన కవితల పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేద్దామని, భద్రంగా దాచిన సీడీ తెచ్చి ఇచ్చాడు. సీడీ చదివింది. ఫైళ్లన్నీ ఉన్నాయి, ఒక్క బైటు పోలేదు. తెరిస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాల గుట్ట. యూనికోడ్ వాడకంలోకి రాకముందు మన డీటీపీ సెంటర్లలో తెలుగు అక్షరాన్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన ఫాంట్లు వాడేవాళ్లం. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు, లేకపోతే ఏ భాషా కాదు. పేజీ కట్టింది పేజ్‌మేకర్లో, దానికి 2001లో వచ్చిన 7.0 తర్వాత పెద్ద వెర్షను రానే లేదు. ఊళ్లో పాత సెంటర్లన్నీ తిరిగి, ఒకచోట మూల పడి ఉన్న కంప్యూటరుని బతికించి, అందులో అదే ఫాంటు దొరికాక కవిత్వం బయటికి వచ్చింది. ఇరవై ఆరేళ్ల నాటి తన కవిత తెర మీద తెలుగులో కనబడగానే మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తెలుగు నేల మీద 1990ల నాటి పత్రికలు, సావనీర్లు, చిన్న ప్రచురణకర్తల పుస్తకాలు ఎన్ని ఇలా సీడీల్లో కూర్చుని ఉన్నాయో. దాచుకున్నవాళ్లు ఒక్కసారి తెరిచి చూడండి. ఆ ఫాంట్లు ఎరిగిన చేతులు ఇంకా ఉన్నప్పుడే చూడండి.

మిత్రుడి కవితలు బయటికి వచ్చిన రాత్రి నాకు తాళ్లపాక రాగిరేకులు గుర్తొచ్చాయి. పదిహేనో శతాబ్దపు అన్నమాచార్యుల పాటల్ని వాళ్ల కుటుంబం తాటాకుని నమ్మక రాగి మీద చెక్కించింది. తిరుమల గుడిలోని భాండాగారంలో ఉన్న ఆ రేకులు 1920ల్లో వెలుగులోకి వచ్చాయి. పండితులు చదివారు, పరిష్కరించారు, అచ్చు వేశారు. వేల పాటల మాటలు తిరిగి వచ్చాయి. దాదాపు ప్రతి పాట మీదా రాగం పేరు ఉంది. ఆ రాగంలో ఆయన ఎలా పాడాడో చెప్పే స్వరం మాత్రం రేకుల మీద లేదు. చెక్కిన రోజున దాని అవసరం ఎవరికీ తోచి ఉండదు, పాట అందరి నోటా ఉంది గనక. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి లాంటి వాళ్లు కొత్తగా స్వరం కడితే ఇవాళ మనం వింటున్నాం. నాకు ఆ స్వరాలంటే ప్రాణం. అయినా విన్నప్పుడల్లా, రాగి మీదికి ఎక్కకుండా ఉండిపోయిన ఆ మొదటి పాట గుర్తుకు వచ్చి మనసు అక్కడే తిరుగుతుంది. దాచేటప్పుడు ఏది మరిచామో దాచినవాళ్లకి కనబడదు. తిరిగి పాడబోయినవాళ్లకే కనబడుతుంది.

ఇప్పుడు నేను ఒక ఆస్పత్రిలో కంప్యూటర్లు చూస్తున్నాను. ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం మా చిన్న మండె కడతాం. వెనక గదిలో ఒక పాత కంప్యూటరు ఉంది, నెట్‌వర్కుతో సంబంధం లేకుండా. ఇది ముఖ్యం. నడుస్తున్న సర్వరు మీదే ప్రయోగం చేస్తే పాత సమాచారం కొత్తదాని మీద పడి, లేని ప్రమాదాన్ని మనమే తెచ్చుకుంటాం. ఆ పాత కంప్యూటరులో ఏమీ లేదనుకుని మొదలుపెడతాం. సర్వరు ఉన్న గది కాలిపోయిందని, నేను ఊళ్లో లేనని అనుకోవాలి. చేసేది నేను కాదు, నాతో పనిచేసే అమ్మాయి. ఆమె చేతిలో నేను రాసిన రెండు పేజీల కాగితం ఉంటుంది, నన్ను ఏమీ అడగకూడదు. మొదటి నెల ఆమె మూడో మెట్టు దగ్గరే ఆగిపోయింది. బ్యాకప్‌కి తాళం వేసే పాస్‌వర్డు ఎక్కడుందో కాగితంలో లేదు. అది నా తలలోనూ, ఆ కాలిపోయిందనుకున్న సర్వరులోనూ మాత్రమే ఉంది. ఇప్పుడు సీలు వేసిన కవరులో, సూపరింటెండెంటుగారి బీరువాలో ఉంది.

తెరిచాక ఊరికే "వచ్చింది" అనుకోం. నిన్నటి ఆఖరి ఓపీ నంబరు ఇందులో ఉందా చూస్తాం. నెల మొత్తం బిల్లుల కూడిక అకౌంట్సు వాళ్ల కాగితంతో పైసాతో సహా కలవాలి. బ్యాంకులో ట్రయల్ బ్యాలెన్సు కలిపిన చేతులకి ఆ అలవాటు పోలేదు. ఎంతసేపు పట్టిందో గోడ మీద రాస్తాం: మొదట ఏడు గంటలు, ఇప్పుడు నాలుగు గంటల పది నిమిషాలు.

నాలుగు నెలల కింద ఒక శనివారం అన్నీ కలిశాయి. పేర్లు, వయసులు, మందులు, బిల్లులు. ఆ అమ్మాయి సంతోషంగా ఒక ఎక్స్‌రే నొక్కింది. తెల్లటి చతురస్రం వచ్చింది, అంతే. ఇంకొకటి నొక్కింది. అదీ అంతే. మా డేటాబేసులో ఎక్స్‌రే ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది, బొమ్మలు వేరే డిస్కులో ఉంటాయి. ఏడాదిన్నర కింద స్థలం చాలక ఆ కొత్త డిస్కు పెట్టింది నేనే. బ్యాకప్ జాబితాలో దాన్ని చేర్చలేదు. ఏడాదిన్నరపాటు ప్రతి ఉదయం "విజయవంతం" అని మెసేజి వస్తూనే ఉంది, చెప్పిన పని చేసినందుకు. నాకు చేతులు చల్లబడ్డాయి. పదిహేను రోజుల ముందు మూట విప్పి చూసుకునే నాన్న ముఖం కళ్లలో మెదిలింది. నేరుగా వెళ్లి ఆ డిస్కుని జాబితాలో చేర్చి, ఆ రాత్రి మొదటి నకలు పూర్తయ్యేదాకా ఆస్పత్రిలోనే ఉన్నాను.

మొన్న రెండో శనివారం ఆమె కాగితం పట్టుకుని మొత్తం ఒక్కతే చేసింది. వేరేవాళ్ల బొమ్మలు ఎందుకు చూడటమని తన పేరే వెతికింది. నిరుడు స్కూటీ మీంచి పడినప్పుడు మా ఆస్పత్రిలోనే ఎక్స్‌రే తీశారు. నొక్కి, తెర వైపు వంగి కూర్చుంది. పాత కంప్యూటరు కదా, కాస్త ఆలస్యమైంది. పైనుంచి కిందికి నెమ్మదిగా, బూడిదరంగులో, మణికట్టు ఎముకలు ఒక్కొక్కటే కనబడ్డాయి, చిటికెన వేలు వైపు సన్నటి చిట్లిన గీతతో సహా.

"వచ్చింది సార్," అంది. కుడిచెయ్యి ఎత్తి తెర పక్కన పెట్టి, రెండింటినీ మార్చి మార్చి చూసుకుంటూ ఉండిపోయింది.